లేక్ స్ట్రీట్ డైవ్: సోల్, పాప్, జాజ్ కలగలిసిన బ్యాండు, దాని కచేరీలు

గోదారిశ్రోత

సభ్యులందరికీ నమస్కారం. లేక్ స్ట్రీట్ డైవ్ అనే అమెరికన్ బ్యాండు పాటలను కొంతకాలంగా వింటున్నాను. ఒక పాట అరవైల నాటి డెట్రాయిట్ సోల్ (నల్లజాతి అమెరికన్ల గానశైలి) సంగీతంలా సాగుతుంది, తరువాతి పాటలో జాజ్ పోకడలు వినిపిస్తాయి, ఆ వెంటనే వచ్చేది అచ్చమైన రేడియో పాప్. ఘంటసాల, ఇళయరాజా పాటల మధ్య పెరిగిన నా చెవికి ఇందులో ఏదో దగ్గరితనం తోస్తోంది కానీ, అది ఏమిటో పట్టుకోలేకపోతున్నాను.

న్యూజెర్సీలో మేముండే ఊరికి చేరువలోనే ఈ వేసవిలో వారి కచేరీ ఉంది. టికెట్ కొనే ముందు ఇక్కడి పెద్దలను రెండు విషయాలు అడగాలనుకుంటున్నాను. ఈ కలగలుపు వెనుక ఒక ఆలోచన ఉందా, లేక ఎవరికి ఏది ఇష్టమో అది వండి వడ్డించే పద్ధతా? రికార్డుల్లో ఇంత పొందికగా వినిపించే వీరు వేదిక మీద ఎలా ఉంటారు? కచేరీకి వెళ్లినవారు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా రాయగలరు.

కేంబ్రిడ్జివాసి

నేను చాలాకాలంగా బాస్టన్ పరిసరాల్లో ఉంటున్నాను కనుక మొదటి ప్రశ్నకు కొంత చరిత్ర చెప్పగలను.

ఈ బ్యాండు 2004లో బాస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ కన్సర్వేటరీలో పుట్టింది. గాయని రేచల్ ప్రైస్, డబుల్ బాస్ (నిలబెట్టి వాయించే పెద్ద తంత్రీవాద్యం) వాయించే బ్రిడ్జెట్ కీర్నీ, డ్రమ్స్ వాయించే మైక్ కలబ్రీజ్, ట్రంపెట్టూ గిటారూ రెండూ వాయించే మైక్ ఓల్సన్, ఈ నలుగురూ అక్కడ సంగీత విద్యార్థులు. ఓల్సన్‌ను అందరూ మెక్‌డక్ అని పిలిచేవారు. ఆయనది మినియాపొలిస్ నగరం. అక్కడి లేక్ స్ట్రీట్ చవకబారు బార్లకు పేరు పడ్డది, బ్యాండు పేరు అక్కడి నుంచే వచ్చింది. విచిత్రం ఏమిటంటే, వీరు మొదలుపెట్టింది సోల్‌తో కాదు. కంట్రీ సంగీతాన్ని పట్టుకుని, దాన్ని కట్టుబాట్లు లేని జాజ్ మనోధర్మంతో వాయించాలన్నది తొలి ఆలోచన. అది వినేవారికీ రుచించలేదు, వాయించేవారికీ కుదరలేదు. పాట బాగుంటేనే తక్కిన ప్రయోగాలన్నీ నిలబడతాయని వారికి అర్థమైన తరువాత, తాము చిన్నప్పుడు ఇళ్లలో విన్న మోటౌన్ (డెట్రాయిట్‌లో పుట్టిన సోల్ రికార్డు సంస్థ), బీటిల్స్ వంటి వాటి వైపు మళ్లారు. బ్రిడ్జెట్‌కు జాన్ లెనన్ పేరిట జరిగే పాటల రచన పోటీలో బహుమతి వచ్చింది. తొలి రికార్డు ఖర్చుకు ఆ సొమ్ము అక్కరకొచ్చింది.

తరువాత ఎనిమిదేళ్ల పాటు వీరి పేరు బయట పెద్దగా ఎవరికీ తెలియదు. 2012లో బాస్టన్‌లోని బ్రైటన్ ప్రాంతంలో ఒక వీధి పక్కన, ఒకే మైకు చుట్టూ నిలబడి, జాక్సన్ 5 బృందం 1969లో పాడిన ‘ఐ వాంట్ యూ బ్యాక్’ను పాడి వీడియో తీశారు. మూలంలో పరుగు తీసే పాటను వీరు వేగం తగ్గించి, తీరికగా ఊగే నడకలో పెట్టారు. నటుడు కెవిన్ బేకన్ దాన్ని తన ట్విటర్‌లో పంచుకోవడంతో లక్షల మంది చూశారు. మరుసటి ఏడాది నిర్మాత టీ బోన్ బర్నెట్ వారిని న్యూయార్క్ టౌన్ హాల్‌లో జరిగిన ఒక పెద్ద జానపద కచేరీకి పిలిచారు. 2014లో ‘బ్యాడ్ సెల్ఫ్ పోర్‌ట్రెయిట్స్’ ఆల్బమ్ వచ్చేనాటికి బండి పట్టాల మీద పడింది.

ఆ ఎనిమిదేళ్లూ వ్యాన్‌లో తిరుగుతూ, పదిమంది ఉన్న బార్లలో కూడా పాడుతూ గడిపిన బృందం కనుక, వీరి కచేరీల్లో కనిపించే సఖ్యత రిహార్సల్ గదిలో తయారైంది కాదని నా అభిప్రాయం.

తీగలసవ్వడి

కేంబ్రిడ్జివాసి గారు చెప్పిన చరిత్రకు సంగీతపరంగా కొంత జోడిస్తాను. నేను బాస్ గిటార్ వాయిస్తాను కాబట్టి నా దృష్టి ఎటు పోతుందో మీరే ఊహించుకోవచ్చు.

ఈ బ్యాండు తొలి దశలో కీబోర్డు లేదు. మెక్‌డక్ ట్రంపెట్ అందుకున్నారంటే గిటారు కూడా ఆగిపోతుంది. అప్పుడు వేదిక మీద మిగిలేవి ఒక డబుల్ బాస్, డ్రమ్స్, ఒక ట్రంపెట్, పాడేవారి గొంతులు. అంటే, పాటకు ఆధారంగా నిలిచే కార్డులను, అంటే ఒకేసారి పలికే స్వరాల గుచ్ఛాలను, వాయించడానికి వాద్యమే లేదు. మామూలు పాప్ బ్యాండు అయితే ఇక్కడ చేతులెత్తేస్తుంది. వీరు ఆ ఖాళీని రెండు విధాలుగా నింపారు. మొదటిది, బ్రిడ్జెట్ బాస్ వరుసలు కేవలం అడుగు స్వరం పట్టుకుని కూర్చోకుండా, పాటకు సమాంతరంగా మరొక వరుసలా నడుస్తాయి. ఏ కార్డు మీద ఉన్నామో ఆ నడకే చెవికి చెప్పేస్తుంది. అరవైలలో మోటౌన్ రికార్డులకు బాస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ పద్ధతిలో ఇది ఉంటుంది, కానీ డబుల్ బాస్ మీద కావడంతో జాజ్ గుబాళింపు దానంతటదే వస్తుంది. రెండవది, తక్కిన ముగ్గురూ రేచల్ వెనుక పాడే హార్మనీ, అంటే ఆమె స్వరానికి పొందే వేరే స్వరాల్లో కలిసి పాడటం. కీబోర్డు వాయించాల్సిన స్వరాలను వారు గొంతులతో పంచుకుని పాడతారు.

గోదారిశ్రోత గారు అడిగిన ‘ఆలోచన ఉందా’ అన్న ప్రశ్నకు నా సమాధానం ఇదే. ఈ కలగలుపు ఎవరో కూర్చుని వేసిన ప్రణాళిక కాదు. జాజ్ చదువుకున్న నలుగురు, తక్కువ వాద్యాలతో, సోల్ పాటలను పాడటానికి ప్రయత్నించినప్పుడు అలా కాక మరోలా వచ్చే వీలే లేదు. ‘యూ గో డౌన్ స్మూత్’ అనే పాటను హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కసారి బాస్ మీదనే మనసు నిలిపి వినండి.

రాత్రిరేడియో

ఇంతవరకూ అందరూ మెచ్చుకుంటున్నారు కనుక నేను కాస్త ఎదురు మాట చెప్పక తప్పదు.

సోల్ అనేది నల్లజాతి చర్చీల్లోని గాస్పెల్ గానం, రిథమ్ అండ్ బ్లూస్ కలిసి యాభైల చివర, అరవైలలో రూపు దిద్దుకున్న సంగీతం. శామ్ కుక్, ఓటిస్ రెడ్డింగ్, అరీథా ఫ్రాంక్లిన్ వంటివారి గొంతుల్లో బతుకు బరువు ఉంటుంది. మెంఫిస్‌లోని స్టాక్స్ స్టూడియోలో తీసిన రికార్డుల్లో చిన్న చిన్న లోపాలు కూడా అలాగే ఉంచేశారు, ఎందుకంటే ఆ క్షణపు వేడి పోకూడదని వారి పట్టుదల. లేక్ స్ట్రీట్ డైవ్ రికార్డుల్లో నాకు వినిపించేది ఆ వేడి కాదు, మంచి మార్కులు తెచ్చుకున్న విద్యార్థుల నైపుణ్యం. ఎక్కడ మెరవాలో అక్కడ మెరుస్తుంది, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతుంది. అంతా సరిగ్గా ఉండటమే నాకు కొరతగా అనిపిస్తుంది.

2016లో నన్‌సచ్ రికార్డు సంస్థకు వెళ్లి ‘సైడ్ పోనీ’ తెచ్చినప్పటి నుంచి రికార్డింగు మరింత నునుపుదేలింది. 2021లో వచ్చిన ‘ఆబ్వియస్‌లీ’ని నిర్మించింది మైక్ ఎలిజాండో. హిప్ హాప్, పాప్ రంగాల్లో చేయి తిరిగినవారు. పాటలు చెడ్డవని నేను అనను. కానీ వీటిని సోల్ అనడానికి నాకు నోరు రాదు. సోల్ రంగు వేసిన పాప్ అంటే ఒప్పుకుంటాను.

లయజ్ఞ

రాత్రిరేడియో గారి మాటలో చారిత్రక న్యాయం ఉంది. అయితే రేచల్ ప్రైస్ గొంతును ‘మార్కులు తెచ్చుకున్న విద్యార్థి’ లెక్కలో వేయడం మాత్రం నాకు సమ్మతం కాదు. ఆమె ఆస్ట్రేలియాలో పుట్టి, టెనెసీ రాష్ట్రంలోని హెండర్సన్‌విల్‌లో పెరిగారు. తండ్రి స్వరకర్త, బృందగాన నిర్దేశకుడు. బ్యాండు మొదలైన ఏడాదే ఆమె సెలోనియస్ మంక్ సంస్థ జాజ్ గాన పోటీలో సెమీఫైనల్ దాకా వెళ్లారు. జాజ్ గాయనులు సాధారణంగా తాళానికి కాస్త వెనుకగా మాట వేస్తారు. డ్రమ్స్ దెబ్బ పడ్డాక, ఒక రవ్వ ఆగి, పదం వచ్చి వాలుతుంది. ఆమె పాటలో నన్ను పట్టుకున్నది ఈ జాగే. మన మృదంగ పాఠాల్లో ఎడుపు (తాళంలో పాట మొదలయ్యే చోటు) అని చెప్పేదానికి ఇది సరిగ్గా సాటి రాదు. పాట ఎత్తుగడకు ఎడుపు స్థిరంగా ఉంటుంది కదా, ఇక్కడ గాయని ప్రతి పంక్తికీ అప్పటికప్పుడు జాగు మార్చుకుంటుంది.

రెండో విషయం, సోల్ పాటల్లో నాలుగు దెబ్బల ఆవృత్తంలో రెండో దెబ్బ, నాలుగో దెబ్బ మీద బరువు ఉంటుంది. మన శ్రోతలకు చప్పట్లు మొదటి దెబ్బ మీదకే పోతాయి, అది మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. కచేరీకి వెళితే గోదారిశ్రోత గారు పక్కవారిని గమనించి చప్పట్లు కొట్టండి. లేకపోతే మీ వరుసంతా మీ వైపే చూస్తుంది!

2017 నుంచి కీబోర్డు వాయించడానికి, పాడటానికి అకీ బర్మిస్ వచ్చారు. ఆయన న్యూయార్క్ బ్రూక్లిన్‌కు చెందినవారు, సోల్, జాజ్ రెండింటిలోనూ గట్టి పునాది ఉన్న నల్లజాతి సంగీతకారుడు. ఆయన ముందుకు వచ్చి పాడే పాటల్లో రాత్రిరేడియో గారు అడిగే బరువు నాకైతే వినిపించింది. కచేరీలో ఆయనా రేచలూ ఎదురెదురుగా పంక్తులు అందిపుచ్చుకుంటే రికార్డు గుర్తుకు రాదు.

శ్రుతిపెట్టె

నేను హైదరాబాద్‌లో ప్రత్యక్ష కార్యక్రమాలకు ధ్వని నియంత్రణ పని చేస్తాను. ఈ బ్యాండు గురించి మాట్లాడుతూ ఆ ఒంటి మైకు విషయాన్ని కేవలం వీడియో ముచ్చటగా వదిలేయడం నాకు బాగా అనిపించలేదు. ఎందుకంటే వారు దాన్ని పెద్ద వేదికల మీద కూడా కచేరీ మధ్యలో చేస్తారు. వాద్యాల హోరు ఆపి, అందరూ వేదిక మధ్యకు వచ్చి, ఒకే మైకు చుట్టూ అర్ధచంద్రాకారంలో నిలబడి కొన్ని పాటలు పాడతారు. చూసేవారికి అది ఇంటి వసారాలో పాడుకున్నంత సులువుగా కనిపిస్తుంది. వెనుక ధ్వని నియంత్రణ బల్ల దగ్గర కూర్చున్నవాడికి మాత్రం చెమటలు పడతాయి.

మామూలుగా ఒక బ్యాండుకు ఇరవై, ముప్పై మైకులు ఉంటాయి. ఎవరి శబ్దం ఎంత వినబడాలో మేము బల్ల మీద మీటలతో నిర్ణయిస్తాం. ఒక్క మైకు ఉన్నప్పుడు ఆ నిర్ణయం మా చేతిలో ఉండదు, పాడేవారి కాళ్లలో ఉంటుంది. ప్రధాన గాయని మైకుకు దగ్గరగా నిలుస్తుంది, హార్మనీ పాడేవారు ఒక అడుగు వెనక్కి ఉంటారు, ఎవరైనా వాద్యం మీద చిన్న తనియావర్తనం లాంటిది వాయించాలంటే లోపలికి వంగుతారు, తక్కినవారు పక్కకు తప్పుకుంటారు. మన బుర్రకథలో కథకుడు, ఇద్దరు వంతలు ఒకే మైకు ముందు ఆడుతూ పాడుతూ, ‘తందాన తాన’ దగ్గర ముందుకు వచ్చి, కథ ఎత్తుకున్నప్పుడు వెనక్కి జరిగినట్టే ఇదీ. అమెరికాలో బ్లూగ్రాస్ (కంట్రీకి దగ్గరి జానపద సంగీతం) బృందాలు ఈ పద్ధతిని రేడియో కాలం నుంచీ పాటిస్తున్నాయి.

కష్టం ఎక్కడంటే, నలుగురైదుగురి గొంతులూ అందాలంటే సున్నితమైన మైకు కావాలి. అంత సున్నితమైన మైకు స్పీకర్లలోంచి వచ్చే శబ్దాన్ని కూడా లాక్కుని కీచుమని అరుస్తుంది. అందుకని వేదిక మీద గాయకుల వైపు తిప్పి ఉండే స్పీకర్లను దాదాపు మూసేయాలి, హాలులోని శబ్దాన్ని కూడా తగ్గించాలి. అప్పుడు పాడేవారికి తమ గొంతు యంత్రాల ద్వారా వినిపించదు, పక్కవారిని చెవితో నేరుగా విని శ్రుతి కలుపుకోవాలి. ప్రేక్షకులు కూడా చెవులు రిక్కించక తప్పదు. ఇంత సాహసం చేసి శ్రుతి తప్పకుండా పాడుతున్నారంటే, రికార్డులో నునుపు యంత్రాల పుణ్యం కాదని రాత్రిరేడియో గారు గ్రహించాలి. యాభైలలో మద్రాసు స్టూడియోల్లో గాయకులు, వాద్యబృందం ఒకేసారి కూర్చుని పాట పూర్తి చేసిన కాలంలో అందరికీ ఉన్న విద్య ఇది. ఇప్పుడు మా వేదికల మీద ముందే రికార్డు చేసిన ట్రాక్ వెనుక నడుస్తుండగా పాడేవారే ఎక్కువ.

గోదారిశ్రోత

అందరికీ కృతజ్ఞతలు. శ్రుతిపెట్టె గారు రాసిన తరువాత ఆ వీధి వీడియోను మళ్లీ చూశాను. ఎవరు ఎప్పుడు వంగుతున్నారో, ఎప్పుడు వెనక్కి జరుగుతున్నారో మొదటిసారి కంటికి కనబడింది.

ఇక టికెట్ సంగతి. ముఖవిలువ మీద రకరకాల రుసుములు కలిసి ధర బాగానే పెరిగింది. ఇలాంటి మధ్యస్థాయి బ్యాండులకు మనం చెల్లించే దానిలో ఎంత చేరుతుందో ఎవరికైనా తెలుసా? డబ్బు కళాకారులకు చేరుతుందంటే ఇవ్వడానికి మనసు వెనుకాడదు.

మూడోవరుస

ఈ ప్రశ్నకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు కనుక, ఇదే కోవకు చెందిన మరో బ్యాండు సంగతి చెబుతాను. న్యూయార్క్‌కు చెందిన లారెన్స్ అనే బృందానికి క్లైడ్ లారెన్స్, గ్రేసీ లారెన్స్ అనే అన్నాచెల్లెళ్లు సారథులు. ఎనిమిది మంది సభ్యులు, అందులో సాక్సఫోను, ట్రంపెట్ వంటి ఊదే వాద్యాలు ఉంటాయి. వీరిదీ సోల్ పాప్ కలయికే, కాకపోతే బ్రాడ్‌వే నాటకాల ఉత్సాహం పాలు ఎక్కువ.

2023 జనవరి 24న అమెరికా సెనేట్ న్యాయవ్యవహారాల సంఘం టికెట్ల వ్యాపారంపై విచారణ జరిపింది. టేలర్ స్విఫ్ట్ కచేరీల టికెట్ల అమ్మకంలో జరిగిన గందరగోళం తరువాత పెట్టిన విచారణ అది. అందులో క్లైడ్ సాక్ష్యం ఇచ్చారు. ఆయన చెప్పిన లెక్క ఇలా ఉంది: టికెట్ ధర 30 డాలర్లు అనుకుంటే, రుసుములతో కలిపి శ్రోత 42 డాలర్ల దాకా చెల్లిస్తాడు. ప్రదర్శన ఖర్చులు పోగా బ్యాండుకు వచ్చేది 12 డాలర్లు. ప్రయాణాలు, బస, సిబ్బంది జీతాలకు అందులో సగం పోతుంది. మిగిలిన 6 డాలర్లను ఎనిమిది మంది పంచుకోవాలి, అదీ పన్నులు, ఆరోగ్య బీమా కట్టక ముందు. పది శుభ్రమైన తువ్వాళ్లకు 250 డాలర్లు వేసిన బిల్లు గురించి కూడా ఆయన అక్కడ చెప్పారు. ఆ తువ్వాళ్ల మాట తరువాత చాలా పత్రికల్లో వచ్చింది.

ఆయన ఫిర్యాదులో ముఖ్యమైన అంశం ధర కాదు, అధికారం. కచేరీ ఏర్పాటు చేసే లైవ్ నేషన్, టికెట్లు అమ్మే టికెట్‌మాస్టర్ 2010లో ఒక్కటయ్యాయి. చాలా వేదికలు కూడా ఆ సంస్థ చేతిలోనే ఉన్నాయి. అంటే ఖర్చుల మీద బ్యాండు తరఫున బేరమాడాల్సినవారూ, ఆ ఖర్చులు వసూలు చేసేవారూ ఒకరే అవుతారు. 2024 మేలో అమెరికా న్యాయశాఖ ఆ సంస్థపై గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద దావా వేసింది. 2025 మే నుంచి అమల్లోకి వచ్చిన సమాఖ్య నిబంధన ప్రకారం రుసుములన్నీ కలిపిన ధరనే మొదట చూపించాలి. అందువల్ల ధర తగ్గలేదు కానీ, చివరి మెట్టు మీద గుండె గుభేలుమనే పరిస్థితి తప్పింది.

మీరు అడిగినదానికి సూటిగా చెప్పాలంటే, ఇలాంటి బృందాలకు నిజంగా ఆదుకునేది కచేరీ దగ్గర మీరు కొనే చొక్కా, గ్రామఫోను రికార్డు. అక్కడ కూడా కొన్ని వేదికలు ఐదో వంతు దాకా కోత వేసేవి. లైవ్ నేషన్ తన చిన్న క్లబ్బుల్లో ఆ కోత మానుకుంటున్నట్టు 2023 సెప్టెంబరులో ప్రకటించింది.

రాత్రిరేడియో

శ్రుతిపెట్టె గారి వివరణ చదివాను. వీరికి శ్రుతి ఉందా లేదా అన్నది నా ప్రశ్న ఎప్పుడూ కాదు. నైపుణ్యం ఉన్నవారే నైపుణ్యాన్ని మరిచిపోయి పాడగలరా అన్నది నా ప్రశ్న.

ఉదాహరణకు, 2024లో వచ్చిన ‘గుడ్ టుగెదర్’ ఆల్బమ్ కోసం వీరు ఇరవై ముఖాల పాచిక వేసి, దాని మీద పడిన అంకెను బట్టి కార్డులు, వేగం వంటివి నిర్ణయించుకుని కొన్ని పాటలు కట్టారని చదివాను. ఆట బాగుంది. కానీ గుండెలో ఏదో గూడుకట్టుకుని, అది ఆగలేక బయటికి వచ్చే పాటను సోల్ అంటాం కదా. పాచిక వేస్తే పడే పాట ఆ కోవలోకి ఎలా వస్తుందో ఎవరైనా చెప్పండి.

తీగలసవ్వడి

చెబుతాను. పాట కట్టేవారందరికీ చేతులు అలవాటు పడ్డ చోటికే పోతాయి. గిటారు పట్టుకోగానే నా వేళ్లు ఎప్పుడూ అవే నాలుగు కార్డుల మీద వాలతాయి. పాచిక ఆ అలవాటును తెంచుతుంది, అంతకు మించి ఏమీ చేయదు. ఆపై వచ్చే వరుస, మాట, ఊపు మనిషివే. అవధానంలో పృచ్ఛకుడు ఇచ్చిన సమస్య కవి గుండెలోంచి పుట్టదు. అయినా పూరణలో కవి గుండె వినిపించిన సందర్భాలు మనకు తెలుసు.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. మొదట్లో ఎవరి పాట వారు విడిగా రాసుకుని బ్యాండు ముందు పెట్టేవారు. మెక్‌డక్ పాటలకు ఒక కొంటెదనం ఉండేది, బ్రిడ్జెట్ పాటల్లో అల్లిక ఎక్కువ. 2021లో మెక్‌డక్ బ్యాండు నుంచి తప్పుకున్నాక, ఆయన స్థానంలో జేమ్స్ కార్నెలిసన్ గిటారు పట్టుకున్నారు. ట్రంపెట్ పోయింది. నాకు ఆ లోటు ఇప్పటికీ తెలుస్తూనే ఉంది, ఎందుకంటే రేచల్ గొంతుకు ఆ ట్రంపెట్ జవాబు చెప్పే తీరు వేరు. గిటారు, కీబోర్డు రెండూ నిలకడగా ఉండటంతో పాత ఖాళీలు నిండిపోయాయి, బాస్‌కు ఉన్న బాధ్యత కొంత తగ్గింది. రాత్రిరేడియో గారికి వినిపించే నునుపు ఇక్కడి నుంచే వస్తోందని నా అనుమానం, నిర్మాత వల్ల కాదు. కలిసి కూర్చుని పాట కట్టే పద్ధతి ఈ మార్పు తరువాత బలపడింది. నష్టం ఎంతో, లాభం ఎంతో నేను ఇంకా తేల్చుకోలేదు.

కేంబ్రిడ్జివాసి

మెక్‌డక్ ఉన్న కాలంలోనూ, ఆయన వెళ్లిపోయాకా కూడా కచేరీలకు వెళ్లాను కనుక ఒక మాట. లోటు నిజమే, కానీ వేదిక మీద అది రికార్డులో కంటే తక్కువగా తెలుస్తుంది. ఎందుకంటే అకీ బర్మిస్ రాకతో హార్మనీలో అడుగు గొంతు గట్టిపడింది. ఇదివరకు పై స్థాయిలో తేలే హార్మనీ ఇప్పుడు నేల మీద నిలబడ్డట్టు వినిపిస్తుంది.

వీరి కచేరీలో ఇతరుల పాటలకు ఒక స్థానం ఉంటుంది. 2012లో, మళ్లీ 2022లో ఇతరుల పాటలతోనే ‘ఫన్ మెషీన్’ పేరుతో చిన్న ఆల్బమ్‌లు తెచ్చారు. ఏటా హాలోవీన్ పండుగకు వేషాలు వేసుకుని ఒక ప్రసిద్ధ పాటను పాడి వీడియో పెట్టడం కూడా చాలాకాలం ఆనవాయితీగా సాగింది. ఇతరుల పాట పాడేటప్పుడు దాని వేగాన్నో, తాళపు నడకనో మార్చేస్తారు, కానీ వరుసను మాత్రం చెడగొట్టరు. రాగం చెడకుండా నడక మార్చడం ఎంత కష్టమో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు.

పెద్ద వేదికల గురించి ఎవరూ మాట్లాడలేదు. 2024 సెప్టెంబరులో ఈ బ్యాండు న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ప్రధాన బృందంగా కచేరీ చేసింది. సుమారు 20 వేల మంది పట్టే చోటు అది. పదిమంది బార్లలో మొదలైన బ్యాండుకు అక్కడికి చేరడానికి ఇరవై ఏళ్లు పట్టింది. మధ్యలో ఒక్క పాట కూడా దేశమంతా మారుమోగిన విజయం సాధించలేదు, ఊరూరా తిరిగి శ్రోతలను ఒక్కొక్కరిగా సంపాదించుకున్నారు. అయినా మీకు ఎంపిక ఉంటే రెండు, మూడు వేల మంది పట్టే పాత నాటకశాలలో వినండని నా సలహా. ఒంటి మైకు పాటలు మొదలైనప్పుడు అలాంటి హాలులో కుర్చీ కిర్రుమన్నా వినబడుతుంది. ఆరుబయట పచ్చిక మీద కూర్చునే వేదికల్లో వెనుక ఉన్నవారి కబుర్లు ఆ ఘట్టాన్ని మింగేస్తాయి. నాకు అలాంటి అనుభవం ఒకసారి జరిగింది, ఆ పాటలు వినడానికే వెళ్లి పక్కవారి ఇంటి రుణం వడ్డీ వివరాలు పూర్తిగా తెలుసుకుని వచ్చాను.

శ్రుతిపెట్టె

గోదారిశ్రోత గారికి ఒక వృత్తి రహస్యం. ఏ హాలులోనైనా ధ్వని నియంత్రించే బల్ల ఎక్కడుందో చూసి, దానికి ముందూ వెనుకా రెండు మూడు వరుసల్లో సీటు దొరికితే తీసుకోండి. మేము విని సరిచేసేది ఆ చోటి నుంచే కాబట్టి శబ్దం అక్కడే సమతూకంగా ఉంటుంది. మొదటి వరుసలో ముఖాలు బాగా కనబడతాయి, కానీ డ్రమ్స్ నేరుగా చెవిలో పడతాయి, గొంతు స్పీకర్లలోంచి మీ తల మీదుగా పోతుంది. డబుల్ బాస్ విషయంలో ఇది మరీ ముఖ్యం. గోడ పక్కన కూర్చుంటే అడుగు స్వరాలు గోడకు తగిలి గుబగుబమంటాయి, తీగలసవ్వడి గారు చెప్పిన ఆ నడక స్పష్టంగా తెలియదు. బాల్కనీ కింద లోపలికి ఉన్న వరుసలు చవకగా వచ్చినా తీసుకోకండి.

లయజ్ఞ

వెళ్లే ముందు ఏమి వినాలో కూడా చెప్పేద్దాం. నా వరుస ఇది: మొదట ‘బ్యాడ్ సెల్ఫ్ పోర్‌ట్రెయిట్స్’ మొత్తం వినండి, ఎందుకంటే తక్కువ వాద్యాలతో వీరు ఏమి చేయగలరో అందులో ఉంది. తరువాత 2018లో తామే నిర్మించుకున్న ‘ఫ్రీ యువర్‌సెల్ఫ్ అప్’ వినండి. ఆ తరువాత నేరుగా ‘గుడ్ టుగెదర్’కు వెళ్లండి. ‘సైడ్ పోనీ’ని కచేరీ అయ్యాక విన్నా నష్టం లేదు.

రాత్రిరేడియో

నా వంతుగా ఒక చేర్పు. ఆ మూడు ఆల్బమ్‌లకు ముందు, అరీథా ఫ్రాంక్లిన్ 1967లో అట్లాంటిక్ రికార్డు సంస్థకు చేసిన తొలి రికార్డింగులు వినండి. అలబామా రాష్ట్రంలోని మసిల్ షోల్స్‌లో మొదలై న్యూయార్క్‌లో ముగిసినవి. పియానో ముందు కూర్చుని తానే వాయించుకుంటూ పాడిన చోట ఆమె గొంతు ఎక్కడ చీలుతుందో గమనించండి. తరువాత కచేరీకి వెళ్లి, రేచల్ ప్రైస్ గొంతు ఎక్కడైనా అలా చీలిందేమో వచ్చి ఇక్కడ రాయండి. చీలిందని మీరు రాస్తే నేను టికెట్ కొంటాను.

గోదారిశ్రోత

షరతు అంగీకరించాను. శ్రుతిపెట్టె గారు చెప్పినట్టు నియంత్రణ బల్లకు రెండు వరుసల ముందు సీటు దొరికింది, రుసుములన్నీ మొదటి తెరలోనే కనబడ్డాయి. మా ఇంట్లో అరీథా రికార్డు ఈ సాయంత్రమే మొదలైంది. కచేరీ ముగిసిన మరునాడు ఇదే చర్చలో రాస్తాను, అప్పటిదాకా దీన్ని మూసివేయవద్దని నిర్వాహకులకు మనవి.